వెనక మడి ముందే పండింది

కోపం మీద ఉన్నప్పుడు విత్తనాలు కొనకూడదని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేదాన్ని కాదనుకోండి. "దీనికి కోపం ముక్కు మీదుంటది, తెలివి మోకాలుల ఉంటది" అని మా అమ్మ ఎప్పుడూ అనేది. మొన్నటి యాసంగిలో, అంటే ఎండాకాలం పంటకు, ఆ మాటను నేను అక్షరాలా నిజం చేశాను. అయినా ఆ పంటను తలుచుకుంటే నాకు సిగ్గు కంటే ముందు దండం పెట్టాలనిపిస్తుంది. ఎవరికి పెట్టాలో చెప్పడానికే ఇదంతా.

మాది వరంగల్ నుంచి నర్సంపేట పోయే దారిలో ఓ ఊరు. మా ఆయన శేఖర్ హనుమకొండలో ఆటో నడుపుతాడు. పొద్దున పోతే మళ్లీ దీపాలు పెట్టాకే రావడం. కాబట్టి మాకున్న రెండున్నర ఎకరాల మంచిచెడ్డలన్నీ నావే. రోడ్డు పక్కన సాల్మన్ అన్న మూడెకరాలు, దాని వెనక మా పొలం. మాకు ఒక పక్క కాలువ, మిగతా రెండు పక్కలా బండల గుట్ట. మనిషి రావాలన్నా, మిషన్ రావాలన్నా సాల్మన్ అన్న పొలం దాటే రావాలి. ఆయన పొలం అంచు వెంట ఎనిమిదడుగుల బండ్ల బాట ఒకటి మా మామ కాలం నుంచీ ఉంది. అది ఎవరి పేరు మీద ఉందని ఎవరూ అడగలేదు, అడిగే అవసరం పడలేదు.

నవంబరులో వానాకాలం వడ్లు ఇంటికి తెస్తుంటే మా ట్రాక్టర్ చక్రం జారి ఆయన మడి ఒడ్డు తెగింది. ఒడ్డు కింద ఉన్న బోరు పైపు పగిలింది. సాల్మన్ అన్న వచ్చి చూసి, నెమ్మదిగానే అన్నాడు.

"చెల్లె, పైపు పలిగింది. ఎవలనన్న పిలిచి జర అతికిపియ్యి."

సరే అన్నా అంటే అయిపోయేది. నేనేమో పొద్దుటి నుంచీ ఎండలో నిలబడి ఉన్నాను, డ్రైవర్‌తో అప్పటికే ఒక గొడవ అయ్యి ఉంది. అత్త మీది కోపం దుత్త మీద చూపించాను.

"బాట పక్కపొంటి పైపు ఎవలు ఏసుకొమ్మన్నరు? బాట నీ ఒక్కనిదా?"

ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. పది రోజుల తర్వాత సర్వేయర్‌ని పిలిచి పొలం కొలిపించాడు. బాట మొత్తం ఆయన పాసుబుక్కులోనే తేలింది. మరుసటి వారం దాన్ని దున్ని మడిలో కలిపేశాడు. నాకు ఒడ్డు మీద కాలు పెట్టి నడిచే జాగా మాత్రం మిగిలింది.

ఆ రోజు రోడ్డు మీద నిలబడి నేను అన్న మాటలు ఇక్కడ రాయను. పెద్దమనుషులు కూచున్నారు, చాయ్ తాగారు, ఇద్దరూ సర్దుకుపోండని చెప్పి లేచారు. నేను బస్సెక్కి హనుమకొండ పోయి రాజేశ్వర్ రావు అనే లాయర్‌ని పట్టుకున్నాను. "నలభై ఏండ్ల బాటమ్మా, ఎట్ల మూస్తడు? రెండు నెలల్ల ఆర్డర్ తెస్త. ఫికర్ చెయ్యకు" అన్నాడాయన. సాల్మన్ అన్నకు కోర్టు కాగితం పోయింది. నాకు కడుపు చల్లబడింది.

ఇక విత్తనాల సంగతి. ముందు పొలం, వెనక పొలం ఉన్నచోట ఒక పద్ధతి ఉంటుంది. ముందు పొలం వాళ్లు ఏ రకం నారు పోస్తే వెనక వాళ్లూ అదే పోస్తారు, అదే రోజు నానబెడతారు. రెండూ ఒకేసారి పండుతాయి. కోత మిషన్ ముందు మడి కోసుకుంటూ వెనక మడిలోకి దిగుతుంది. మా మామ, సాల్మన్ వాళ్ల నాన్న అట్లాగే చేశారు, మేమూ అట్లాగే చేస్తూ వచ్చాం. ప్రతిసారీ మరియ వదిన, అంటే సాల్మన్ అన్న భార్య మరియమ్మ, మా గడప దగ్గరికి వచ్చి ఈసారి ఫలానా రకం అని చెప్పిపోయేది. ఆ డిసెంబరులో ఆమె రాలేదు. ఎట్లా వస్తుంది, కాగితం పంపించుకున్నవాళ్లం కదా. ఆయన నూట ముప్పై ఐదు రోజులకు పండే రకం పోశాడని ఊళ్లో తెలిసింది. నేను పట్నం పోయి నూట పది రోజుల రకం తెచ్చాను. వాళ్ల కంటే ముందే కోసి, వాళ్ల కళ్ల ముందే వడ్లు ఇంటికి తోలుకోవాలని నా పంతం. ఎటు నుంచి తోలుకుంటావే అని నన్ను నేను అడుక్కోలేదు.

దుక్కులప్పుడు ఆయన మళ్లు ఇంకా ఖాళీగా ఉన్నాయి. నా ట్రాక్టర్ వాటి మీదుగానే పోయి దున్నివచ్చింది. ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. అది కూడా ఒక ఉపకారమేనని అప్పుడు నాకు తట్టలేదు.

నాట్లకు మొగిలమ్మ కూలీల ముఠా వచ్చింది. మొగిలమ్మ మా మండలంలో తిరగని పొలం లేదు. నారు కట్ట విప్పి, ఆకు వేళ్ల మధ్య పెట్టి చూసి, నడుము నిలబెట్టింది.

"ఇది నూట పది రోజులది గదనే. ముందటి మడిల ఏం పడ్డది?"

"ఆళ్లది ఆళ్ల ఇష్టం, నాది నా ఇష్టం."

"గట్లనా. ముందటి మడి ఎనుక పండుతది, ఎనుక మడి ముందు పండుతది. మరి మిషన్ మొగులు మీదికెళ్లి దిగుతదా బిడ్డా?"

మడిలో ఉన్న ఆడవాళ్లందరూ నవ్వారు. నాకు అరికాళ్ల నుంచి నెత్తి దాకా బురద కొట్టినట్టైంది. అప్పటికి సగం నాటు పడిపోయింది. "గప్పటికి కోర్టు ఆర్డర్ వస్తది" అన్నాను గట్టిగా. మొగిలమ్మ మళ్లీ వంగి నాటు వేసుకుంటూ, "కోర్టు కూడ కాలానికి పండుతదా?" అంది.

కోర్టు కాలానికి పండలేదు. ఫిబ్రవరిలో ఒక వాయిదా, మార్చిలో ఒక వాయిదా. మార్చి ఆఖరుకు లాయర్ ఫోన్ చేసి, వచ్చే నెల తర్వాత సెలవులు, ఇక జూన్‌లోనే అన్నాడు. నా వరికి జూన్ అంటే ఏం తెలుసు. కంకులు బంగారం రంగుకు తిరిగి తలలు వంచేశాయి. నా చేతుల మీద అంత మంచి పంట ఎప్పుడూ రాలేదు. కోపంతో చల్లిన విత్తనానికి అంత మంచి మనసేమిటో నాకు అర్థం కాలేదు. సాల్మన్ అన్న పొలం మాత్రం ఇంకా ఆకుపచ్చగా, గింజ పాల మీద ఉంది.

మిషన్ అతను రోడ్డు మీద దాకా వచ్చి చూశాడు. "అక్కా, ఎటుకెళ్లి పోవాలె?" అని అడిగాడు. నేను చెయ్యి చూపించబోయి, ఎటు చూపాలో తెలియక దించేశాను. అతను వెళ్లిపోయాడు.

చేతితో కోయిద్దామని మొగిలమ్మ దగ్గరికి పోయాను. ఆమె తన వాళ్లను లెక్క చూసింది. "మా ముఠాల కొడవలి వట్టేటోళ్లు ముగ్గురం మిగిలినం. అందరికీ మిషన్లు వచ్చినంక ఎవలు నేర్చుకున్నరు? మేం ముగ్గురం కోస్తే పదిహేను రోజులు. గన్ని రోజులు నీ వడ్లు ఆగుతయా?"

ఆగవు. ఎండకు గింజ రాలడం మొదలైంది. అటు పరకాల వైపు రాళ్ల వాన పడిందని, పడ్డ చోట కంకికి పది గింజలు కూడా మిగల్లేదని బస్సులో వాళ్లు చెప్పుకున్నారు.

ఆ రాత్రి శేఖర్ అన్నం తింటూ, నా మొహం చూడకుండా అన్నాడు.

"ఈ పంట చేతికొస్తే సరే. రాకపోతే భూమి కౌలుకిద్దాం. వరంగల్ కాశిబుగ్గల ఇల్లు చూసిన. రెండు రూములు, నల్లా ఉన్నది. ఆటోకు కూడ దగ్గర."

"నేనేం చెయ్యాలె అక్కడ?"

"రెస్ట్ తీసుకో. ఎన్నేండ్లు చేస్తవ్? అందరితోని కొట్లాడుకుంట ఎన్నేండ్లు చేస్తవ్?"

ఆయన తిట్టి ఉంటే నేనూ తిట్టేదాన్ని. మెల్లగా అన్నాడు కాబట్టి కంచంలో ఇంకో గంటె అన్నం వేశాను. పదిహేడేళ్ల వయసులో ఆ ఇంటికి వచ్చాను. చదువు అబ్బలేదు, కుట్టు అబ్బలేదు. ఆ మడిలో కాలు పెడితేనే నేను మనిషిని. రెండు రూములు, నల్లా ఉన్న ఇంట్లో నన్ను కూచోబెట్టడమంటే బతికుండగానే ఫోటో కట్టి గోడకు తగిలించడం.

మరునాడు పొద్దున్నే సాల్మన్ అన్న ఇంటికి పోయాను. అడుగుదామనే పోయాను. గేటు తీసేదాకా మాటలన్నీ నోట్లోనే ఉన్నాయి. సాల్మన్ అన్న వాకిట్లో మంచం మీద కూచుని తాడు పేనుతున్నాడు. మరియ వదిన లేచి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఐదు నెలలైంది ఆ ఇంటి నీళ్లు తాగి.

"ఏం పని మీద వచ్చినవ్ వినోదా?" అంది ఆమె.

"చాయపత్త అయిపోయింది వదినా. జర ఉంటే..."

ఊళ్లో రెండు కిరాణా దుకాణాలు ఉన్నాయి, ఒకటి మా ఇంటి ఎదురుగానే. మరియ వదిన లోపలికి పోయి కాగితంలో పొట్లం కట్టి తెచ్చింది. నేను లేచాను. సాల్మన్ అన్న తాడు మీది నుంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"కంకులు వంగి ఎన్ని రోజులాయె?"

"ఎనిమిది రోజులు."

"ఊఁ" అన్నాడు.

అంతే. చాయపత్త పట్టుకుని ఇంటికి వచ్చాను. దారి పొడవునా నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ తర్వాత రెండు మూడు రోజులకు ఒడ్డు మీద నడుస్తుంటే, సాల్మన్ అన్న అంచు మళ్లలో నీళ్లు లేకపోవడం చూశాను. గింజ పాలు పోసుకునేటప్పుడు నీళ్లు ఆగితే లోపల గింజ లేని తాలు ఎక్కువైపోతుంది. మడి నెర్రెలు విచ్చేటట్టు ఉంది. ఆయన మోటార్ కాలిపోయినట్టుందని అనుకున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, మంచిగైందని కూడా అనుకున్నాను.

చాయపత్త తెచ్చుకున్న ఏడో రోజు పొద్దున మొగిలమ్మ ఫోన్ చేసింది. "సాల్మన్ పొలంల కొడవండ్లు పడ్డయే. పచ్చి వరి కోస్తాండ్లు. ఏమైందో చూసుకో" అంది.

నేను పొయ్యి మీది అన్నం అట్లాగే వదిలి పరుగెత్తాను. నడిచే జాగా కూడా తవ్వేస్తున్నారనుకున్నాను, కంచె పాతుతున్నారనుకున్నాను. రోడ్డు దిగుతూనే అరిచాను.

"ఏం చేస్తానవ్ అన్నా? నడిచే బాట కూడ లేకుంట చేస్తవా?"

సాల్మన్ అన్న నడుము పట్టుకుని లేచాడు. ఆయన వెనక పన్నెండడుగుల వెడల్పున, రోడ్డు నుంచి దాదాపు సగం దూరం వరకు, పచ్చి వరి కోసి పడి ఉంది. మరియ వదిన దాన్ని కట్టలు కడుతోంది. అది పాత బాట ఉన్న చోటే. బాట కంటే నాలుగడుగులు ఎక్కువే.

"మిషినోనికి ఫోన్ చెయ్యి" అన్నాడు. "చైన్ మిషన్ తెమ్మను, టైర్లది దిగబడతది. పగటాల్లకు మొత్తం కోస్తం."

నాకు వెంటనే ఎక్కలేదు. "మడి తడి ఉంటది గదా" అన్నాను పిచ్చిదానిలా.

"నువ్వు చాయపత్తకు వచ్చిన తెల్లారే నీళ్లు బంద్ వెట్టిన. ఆరినది."

నేను ఒడ్డు మీద కూచున్నాను. ఆయన మోటార్ కాలిందని సంబరపడ్డ నా మొహాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. ఇంకో మూడు వారాలు ఆగితే వడ్లయ్యే పంటను ఆయన గడ్డి చేసి పారేస్తున్నాడు. నేను అడగను కూడా అడగలేదు.

"ఎందుకన్నా?" అన్నాను.

ఆయనకు ఆ ప్రశ్న నచ్చలేదు. "ఎందుకంటే ఏం చెప్పాలె? పండిన వడ్లు కండ్ల ముందట రాలిపోతాంటే చూడబుద్ధి కాలె" అని మళ్లీ వంగాడు.

అంతలో మంచినీళ్ల సీసా పక్కన పెట్టిన ఆయన ఫోన్ మోగింది. చేతులకు మట్టి ఉందని స్పీకర్ నొక్కాడు. కొడుకు ప్రవీణ్. హనుమకొండలో ఓ ఆఫీసులో పనిచేస్తాడు, కేసు కాగితాలన్నీ అతనే చూస్తాడు.

"నాయినా, అమ్మ చెప్పింది. నీకు సమజ్ అయితాందా? నీ చేతులతోని నువ్వే బాట చేసిస్తే రేపు కోర్టుల అదే సాక్ష్యం. ఆళ్లు ఒక్క ఫోటో తీసుకుంటే మన కేసు పోయినట్టే."

సాల్మన్ అన్న నా వైపు చూశాడు. ఫోన్ వైపు చూశాడు.

"పోతే పోతది" అన్నాడు. "ఎండ ముదురుతాంది, పని ఉన్నది, పెట్టెయ్యి."

నేను లేచి మరియ వదిన పక్కన ఉన్న కొడవలి తీసుకున్నాను. ఆమె వద్దనలేదు. ఆయనా నేనూ కోస్తుంటే ఆమె కట్టలు కట్టింది. కాసేపటికి మొగిలమ్మ తన ఇద్దరితో వచ్చి, ఎవరూ పిలవకుండానే మాతో వరసలో నిలబడింది. పచ్చి వరి కోస్తుంటే చేతికి పాలు అంటుకుంటాయి. నాకు కళ్ల నీళ్లు ఆగలేదు. చెమట తుడుచుకున్నట్టు కొంగుతో తుడుచుకుంటూ కోశాను. మరియ వదిన చూసి, "ఇగ ఊకో, చాయపత్త ఇంక కావాల్నా?" అంది. ఏడుస్తూనే నవ్వు వచ్చింది.

మధ్యాహ్నం మిషన్ వచ్చింది. పచ్చి మొదళ్ల మీద గొలుసులు నలుపుకుంటూ నా మడిలోకి దిగింది. పొద్దు గూట్లో పడేలోపు రెండున్నర ఎకరాలు కోసేసింది. వడ్లు మా వాకిట్లో కుప్ప పడ్డాయి. మూడో రోజు సాయంత్రం రాళ్ల వాన పడింది. మా వాకిట్లో వడ్ల మీద కప్పిన తాటిపత్రి మీద రాళ్లు టపటపలాడుతుంటే నేను గడపలో కూచుని, ఇంతకుముందు ఏ దేవుడికీ మొక్కనంతగా సాల్మన్ అన్న పొలం కోసం మొక్కాను. పచ్చి పంట కాబట్టి గింజ రాలలేదు. ఒక మూల వరి పడిపోయింది, మిగిలింది నిలబడింది. శేఖర్ వడ్ల కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి, "కాశిబుగ్గ ఇంటాయనకు వద్దని చెప్తలే" అన్నాడు.

లాయర్‌కు ఈ సంగతి ఎవరు చెప్పారో తెలియదు. మరుసటి సోమవారం ఫోన్ చేశాడు. ఆయన గొంతులో పెళ్లి సందడి.

"అమ్మా, ఆయనే బాట తీసిచ్చిండట గదా. గా మొదళ్లు ఎండకముందే నాలుగు ఫోటోలు తీసి పంపు. మిషన్ నడిచిన జాడలు పడాలె. ఇగ కేసు మనదే."

నేను శేఖర్ ఆటోలోనే హనుమకొండ పోయాను. లాయర్ ఫోటోల కోసం చెయ్యి చాపాడు. కేసు వాపసు తీసుకుంటానన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"గెలిచే కేసమ్మా ఇది. చేతిలకు వచ్చిన కేసు ఎవలన్న వదులుకుంటరా?"

"గెలుస్త సార్. గెలిచినంక ఆ బాట మీద ఏ మొకం వెట్టుకొని నడవాలె?"

ఆయన కాగితం తీసి సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు. మంచి మనిషే. బయటికి వచ్చాక శేఖర్ చెరుకు రసం తాగించాడు.

సాల్మన్ అన్న పంట ఇంటికి వచ్చింది. అంచు మళ్లలో తాలు ఎక్కువ పోయిందని మొగిలమ్మ చెప్పింది, వాళ్లు మాత్రం చెప్పలేదు. మే నెలలో పొలాలు రెండూ ఖాళీగా ఉన్నప్పుడు నేను మరియ వదినకు ఒక మాట చెప్పాను. బాట ఆయన భూమిలో మూడు గుంటల జాగా తింటుంది. ఆ మూడు గుంటలు మా పొలంలోంచి, ఇద్దరి పొలాలు కలిసే గట్టు దగ్గర ఆయనకు ఇస్తాను. అప్పుడు బాట నాది, బదులు భూమి ఆయనది. ఎవరి రుణమూ ఎవరికీ ఉండదు. కాగితం కూడా రాయిస్తాను. ఆయన అతుకు వేసి నడిపించుకుంటున్న ఆ పగిలిన పైపు బదులు అప్పటికే నేను మనిషిని పిలిచి కొత్తది వేయించాను, అది వేరే సంగతి.

ఆదివారం వాళ్లు చర్చి నుంచి వచ్చాక కొలుచుకుందామన్నారు. నేను పొద్దున్నే పోయి తాడుతో కొలిచి, మూడు గుంటలు సరిగ్గా పడేటట్టు మా మడిలో నాలుగు కట్టె ఖూటీలు పాతాను. ఒక జానెడు ఆయనకు ఎక్కువే పడేటట్టు చూశాను. శేఖర్ నవ్వుతూ నిలబడ్డాడు. "గింత మంచిదానివి ఎప్పుడైనవే?" అన్నాడు.

పదకొండు గంటలకు వాళ్లు వచ్చారు. సాల్మన్ అన్న ఇస్త్రీ చొక్కా మీదే ఉన్నాడు, చేతిలో బైబిల్. దాన్ని మరియ వదినకు ఇచ్చి, చెప్పులు విడిచి మడిలోకి దిగాడు. ఒక్కో ఖూటీ దగ్గరా ఆగాడు. అడుగులు పెట్టి కొలిచాడు. తర్వాత ఒక ఖూటీని ఊపి పీకాడు.

నేను తాడు పట్టుకుని ఆయన దగ్గరికి పోయాను. తక్కువ పడిందేమో, ఆయనకు నచ్చలేదేమో అనుకున్నాను. "అన్నా, మూడు గుంటలు మంచిగనే కొలిచిన. కావాలంటే మల్ల తాడు వట్టుదాం" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ ఖూటీ పట్టుకుని గట్టు వైపు, అంటే తన పొలం వైపు నడిచాడు. నేను ఇచ్చిన దాంట్లో సరిగ్గా సగం దగ్గర ఆగి దాన్ని నేలలో గుచ్చాడు. రెండోది పీకాడు. అదీ దాని వరసలోనే గుచ్చాడు.

"ఇదేందన్నా? సగమే పడుతాంది నీకు."

"సగమే నాది" అన్నాడు సాల్మన్ అన్న. రాయి కోసం చుట్టూ చూసుకుంటూ, పొలం పని మాట చెప్పినంత మామూలుగా చెప్పాడు. "ఆ బాట మీద నువ్వొక్కదానివే నడుస్తవా? నేను నడువనా?"

చేతిలోని తాడు గట్టు మీద పడేశాను. ఆయన రాయి తీసుకుని ఖూటీని లోపలికి దిగగొడుతుంటే, నేను వంగి రెండు చేతులతో దాన్ని కదలకుండా పట్టుకున్నాను.